మేస్త్రీ క్షమించాడు, నేను కాదు

జూన్ 3

చెవులాయనతో ఈరోజు మొదటి గొడవ. ఆయన అసలు పేరు వేరే ఉంది గానీ, ఎప్పుడు చూసినా డిప్పల్లాంటి హెడ్‌ఫోన్లు తగిలించుకునే ఉంటాడు కాబట్టి నా మటుకు నాకు చెవులాయనే. చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే ఈ లైబ్రరీలో ఉన్నది ఒక గది, ఒక మైకు, ఆయన. చదివిపెట్టేవాళ్ళం మాత్రం బోలెడుమందిమి, అందరం రిటైరైపోయిన గొంతులమే.

ఈసారి నాకిచ్చింది ఒక పాత రష్యన్ కథ. రష్యన్ కథంటేనే నాకు భయం. ఒక్కొక్కడికీ మూడేసి పేర్లుంటాయి, తల్లి ఒక పేరుతో పిలిస్తే పెళ్ళాం ఇంకో పేరుతో పిలుస్తుంది. అదృష్టం బాగుండి ఇందులో ఎవరికీ పేర్లు లేవు. పొయ్యిలు కట్టే మేస్త్రీ, చర్చిలో గంటలు కొట్టేవాడు, అంతే. చర్చి తగలబడిపోతుంది. కొవ్వొత్తి ఆర్పకుండా పోయింది గంటలు కొట్టేవాడు. నింద పడింది అక్కడ పొయ్యి కట్టిన మేస్త్రీ మీద. ఊరంతా కలిసి మేస్త్రీని మంచులోకి తరిమేస్తారు. ఇద్దరూ ముసలివాళ్ళయ్యాక గంటలు కొట్టేవాడు వెతుక్కుంటూ వచ్చి కాళ్ళ మీద పడతాడు. అప్పుడు మేస్త్రీ, "లేచి కూర్చో. నిన్నెప్పుడో క్షమించాను. నువ్వే ఆలస్యంగా వచ్చావు" అంటాడు.

అంతే. ఒక్క తిట్టు లేదు. ఒక్క లెంపకాయ లేదు. చేతిలో తాపీ ఉంది, దాన్ని కూడా వాడలేదు.

సరిగ్గా ఆ ముక్క దగ్గరే చెవులాయన ఆపాడు.

"అమ్మా, మీరు క్షమిస్తున్నట్టు లేదు. బస్సు బయల్దేరుతోందని చెప్తున్నట్టుంది."

బస్టాండులో బస్సుల వేళలు చెప్తూ అన్నేళ్ళు మైకు పట్టుకుంటే అలాగే వస్తుంది మరి. మళ్ళీ చదివాను. "ఇప్పుడు బస్సు రద్దయినట్టుంది" అన్నాడు. పుస్తకం సంచిలో పడేసుకుని ఇంటికొచ్చేశాను.

జూన్ 5

చెవులాయన టీ ఇప్పించాడు. టీ తాగుతూ, "మీది మొదట్నుంచీ బస్టాండు గొంతు కాదమ్మా, ఇంకెక్కడో సాధకం చేసిన గొంతు" అన్నాడు. పొగిడితే నాకు నోరు ఆగదు. మొత్తం కక్కేశాను. చెప్పింది చెప్పినట్టు ఇక్కడ కూడా రాసి పారేస్తే మళ్ళీ ఇంకెవరికీ చెప్పాలనిపించదేమోనని రాస్తున్నాను.

రేడియోలో వార్తలు చదివేదాన్ని. వార్తలు రాసే డ్యూటీ బావది, అంటే మా అక్క మొగుడిది. వార్తలు సగంలో ఉండగా కొత్త కబురేదైనా వస్తే బావ కాగితం మీద గీకి తలుపు సందులోంచి లోపలికి తోసేవాడు. ముందుగా చదువుకునే వీలుండదు. కళ్ళు చూసింది నోరు చెప్పెయ్యాలి. ఆ రోజు వచ్చిన కాగితం మీద, నాటకాల పెద్దాయన కన్నుమూశారని ఉంది. చదివాను. గొంతు కాస్త తడి చేసుకుని మరీ చదివాను. పెద్దాయన ఆ సమయానికి తన ఇంట్లో కాఫీ తాగుతూ తన చావు కబురు తనే విన్నాడు.

ఆయన నవ్వాడట. రేడియోవాళ్ళు నవ్వలేదు. విచారణ పెట్టారు. ఎవరో ఫోన్లో చెప్పింది నమ్మేసి రాసిన బావ, విచారణలో మాత్రం, "ఆరోగ్యం విషమంగా ఉందనే రాశాను, ఆవిడే కంగారులో మార్చి చదివింది" అన్నాడు. చదివిన కాగితాలు అప్పటికే చెత్తబుట్టలోంచి చెత్తబండిలోకి పోయాయి. ఇక మిగిలింది ఆయన మాట, నా మాట. ఆయన నాకంటే పెద్ద కుర్చీలో ఉన్నాడు. నన్ను మైకు ముందు నుంచి లేపేశారు. వీధిలో పిల్లలు కూడా నన్ను బతికున్నవాళ్ళని చంపే ఆంటీ అనేవాళ్ళు. పెద్దాయన మాత్రం ఆ తరవాత చాలా ఏళ్ళు లక్షణంగా బతికాడు, నా నోటి చలవ.

ఆ రోజు రేడియో స్టేషన్ నుంచి సరాసరి అక్క దగ్గరికే వెళ్ళాను. జరిగింది చెప్పాను. "ఆయన అబద్ధం ఆడరే. నువ్వే తొందరపడి చదివి ఉంటావు" అంది అక్క.

సరే, అక్క ప్రసక్తి ఇక్కడ అనవసరం. నా కోపమంతా బావ మీదే.

జూన్ 6

నిన్న రాసింది మళ్ళీ చదువుకున్నాను. అవును, అక్క ప్రసక్తి అనవసరమే.

జూన్ 9

బావ వచ్చాడు.

ఆ విచారణ తరవాత రెండిళ్ళకీ రాకపోకలు లేవు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే నేను భోజనాల వైపు వెళ్తాను, వాళ్ళు కుర్చీల వైపు వెళ్తారు. అలాంటిది తలుపు తీసేసరికి నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, టాక్సీ డ్రైవరు భుజం పట్టుకుని నిలబడి ఉన్నాడు. రెండో చేతిలో యాపిల్ పళ్ళ సంచి. చూపు దాదాపు పోయిందట, నీడలే కనిపిస్తాయట. ఇరవై ఏళ్ళు దాటాక ఆయన మొహం దగ్గర్నించి చూడటం ఇదే. ముసలివాడైపోయాడు. జాలిపడబోయి ఆపుకున్నాను.

సంగతేమిటంటే, ఆయన మనశ్శాంతి క్లాసులకి వెళ్తున్నాడు. అక్కడ ఒక గురువుగారు ఉన్నారట, అన్యాయం చేసినవాళ్ళ దగ్గరికి వెళ్ళి క్షమాపణ అడిగి రమ్మని అందరికీ చెప్పారట. నేను ఆయనగారి హోంవర్కన్నమాట.

"ఆ కాగితం మీద నేను పోయారనే రాశాను చిన్నీ. ఉద్యోగం పోతుందని భయపడ్డాను" అన్నాడు.

ఈ మాట ఆయన నోట వినే రోజు నాకేదో అయిపోతుందని ఎన్నోసార్లు ఊహించుకున్నాను. ఏమీ అవలేదు. కాళ్ళు మాత్రం వణికాయి, మెట్లెక్కిన అలసట అయి ఉంటుంది. మెట్లెక్కింది ఆయన.

"అక్కకి తెలుసా?" అన్నాను.

యాపిల్ సంచి నా వైపు చాచాడు. "దానికెందుకు ఇప్పుడు? మనసు పాడుచేసుకుంటుంది."

"నా చెవిలో చెప్తే నాకేం లాభం బావా? నాకు తెలిసిందే కదా. అక్క ముందు చెప్పు, అప్పుడు చూద్దాం."

"అదొక్కటీ తప్ప ఇంకేదైనా అడుగు."

"నాకింకేమీ అక్కర్లేదు."

"నేనెంత కుమిలిపోతున్నానో ఆ దేవుడికి తెలుసు."

"తెలిస్తే ఆయన్నే క్షమించమను. నాకంటే ఆయనకి తీరిక ఎక్కువ."

డ్రైవరు భుజం తడుముకుంటూ వెళ్ళిపోయాడు. యాపిల్స్ ఉంచుకున్నాను. పళ్ళతో నాకేం తగాదా లేదు.

జూన్ 10

దేవుడికీ నాకూ పాత ఒప్పందం ఒకటుంది. నేను ఆయన్నేమీ అడగను, ఆయన నాకేమీ చెప్పడు. ఇద్దరం ఒకరి పనికి ఒకరం అడ్డు రాకుండా రోజులు గడుపుకుంటున్నాం. నిన్న బావ ఆయన్ని మధ్యలోకి లాక్కొచ్చాడు కాబట్టి, ఇవాళ గిన్నెలు తోముకుంటూ ఒక మాట అడగాల్సి వచ్చింది. ఆ రోజు తలుపు సందులోంచి కాగితం వచ్చినప్పుడు నువ్వు ఎక్కడున్నావు స్వామీ, క్యాంటీన్‌లోనా?

జవాబు రాలేదు. ఒప్పందం ఆయన తప్పలేదు, నేనే తప్పాను.

రష్యన్ మేస్త్రీ కూడా నాలాంటివాడే. రోజూ పొయ్యి వెలిగిస్తూ దేవుణ్ణి తిడతాడు, తిట్టడం అయ్యాక ఆ పొయ్యి దగ్గరే ప్రార్థన చేస్తాడు. అదేం పద్ధతో నాకర్థం కాలేదు. గంటలు కొట్టేవాడితో ఒక చోట ఇలా కూడా అంటాడు: "నా కోపం నీ మీద కాదురా. దేవుడి మీద. నువ్వు ఊరికే దారికి అడ్డంగా నిలబడ్డావు." ఇలాంటి మెలికలు పెడితేగానీ ఆ దేశం రచయితలకి అన్నం అరగదు కాబోలు. నా విషయంలో మెలికలేమీ లేవు. నా కోపం బావ మీద, బావ మీదే.

జూన్ 13

రికార్డింగు పూర్తయింది. పూర్తయిందనడం కంటే నన్ను పూర్తి చేశాడనడం సబబు.

మైకు ఉన్న గదిలో ఫ్యాను వెయ్యనివ్వడు, చప్పుడు రికార్డవుతుందట. కిటికీ తియ్యనివ్వడు. ఆ ఉడుకులో కూర్చుని, "నిన్నెప్పుడో క్షమించాను" అని ఎన్నిసార్లు అన్నానో నాకే తెలీదు. ఒకసారి నా గొంతులో వెటకారం వినిపించిందన్నాడు. ఒకసారి జాలి ఎక్కువైందన్నాడు. ఒకసారి నిజంగా బాగా వచ్చింది, నాక్కూడా తెలిసింది, తీరా చూస్తే సరిగ్గా అప్పుడే నా కడుపులో గుర్రుమంది. అది కూడా రికార్డయింది. చెవులాయన హెడ్‌ఫోన్లు తీసి, "ఆకలిగా ఉందా అమ్మా" అన్నాడు. లేదన్నాను, రోషానికి.

భోజనం వేళ దాటిపోయింది. పంతం పోయింది, కోపం పోయింది, గొంతులో ఓపిక కూడా పోయింది. ఇక ఎలా వస్తే అలా రానీ అని, కళ్ళు మూసుకుని ఆ ముక్క అనేసి లేచి నిలబడ్డాను. గది మధ్యలో ఉన్న అద్దంలోంచి చూస్తే చెవులాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఇదీ క్షమించడమంటే" అన్నాడు.

అది క్షమా కాదు, నా మొహమూ కాదు. అది ఆకలి.

జూన్ 14

యాపిల్స్ అయిపోయాయి.

జూన్ 24

బావ ఫోన్ చేశాడు. గొంతు గుర్తుపట్టగానే పెట్టెయ్యబోయాను గానీ, "విన్నాను చిన్నీ" అనేసరికి ఆగాను.

"ఏం విన్నావు?"

"కథ. కళ్ళు ఇలా అయ్యాక ఆ లైబ్రరీలో చేరాను. వాళ్ళు ఒక కథల పెట్టె ఇస్తారు, మీట నొక్కితే చదువుతుంది. మొదటి మాటకే నీ గొంతని పోల్చుకున్నాను. నిన్నెప్పుడో క్షమించాను అన్నావు."

"నేనెక్కడన్నాను? మేస్త్రీ అన్నాడు."

"నాకు మాత్రం తెలీదా? కానీ నువ్వు నాకంటూ ఎప్పటికీ చెప్పవు కదా. నాకిది చాలు. రోజూ పెట్టుకుని వింటున్నాను" అని పెట్టేశాడు.

ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో అటూ ఇటూ తిరిగాను. పాలు పొంగిపోయాయి, ఆ పాపం కూడా బావ ఖాతాలోనే వేశాను. అప్పుడు తను రాసిన మాటని నా నోటికి అంటగట్టాడు. ఇప్పుడు నా నోట్లో మాట ఎత్తుకుపోయి హాయిగా అనుభవిస్తున్నాడు. క్షమాపణ కూడా దొంగతనం చేసేవాణ్ణి ఎక్కడైనా చూశామా? పోలీసులకి చెప్పుకుంటే ఏం పోయిందని రాసుకోవాలో వాళ్ళకీ తెలీదు.

నేను పెట్టిన షరతు ఒక్కటే. అక్క ముందు చెప్పమన్నాను. అది చెయ్యకుండా దొడ్డిదారిన ఇంతపని చేశాడు.

జూన్ 25

పొద్దున్నే వెళ్ళి చెవులాయన మీద పడ్డాను. ఆ ముక్క తీసెయ్యమన్నాను.

"అది తీసేస్తే ఇంక కథేముందమ్మా, పొయ్యిలు తప్ప?"

"అయితే మళ్ళీ చదువుతాను. ఈసారి క్షమించనట్టు చదువుతాను."

"ఊరంతా పంచేశామండీ. పైగా ఫోన్లు వస్తున్నాయి. చదివినావిడ ఎవరు, ఆ ఒక్క మాట ఎంత బాగా చెప్పింది, అని అడుగుతున్నారు."

ఎవరెవరు చేశారో అడిగాను. ఏమన్నారో మళ్ళీ చెప్పమన్నాను. ఇంకోసారి చెప్పమన్నాను. రేడియో పోయాక నా గొంతుని ఎవరైనా మెచ్చుకోవడం ఇదే మొదలు. సిగ్గు లేకుండా సంతోషించాను. ఎందుకొచ్చానో మర్చిపోయి వచ్చేశాను.

జూలై 1

చెవులాయన దగ్గర ఒక కథల పెట్టె అడిగి తెచ్చుకుని నేను కూడా విన్నాను. బాగానే ఉంది. నాకు ఎవరైనా అలా చెప్తే నేనూ నమ్మేస్తాను.

జూలై 2

నాకెవరు చెప్తారు, నేనేం తప్పు చేశానని. చెప్పవలసింది నేను. వినవలసినవాళ్ళు రావాలి కదా.

బావ వచ్చాడు కదా మరి. అవును. వచ్చాడు.

జూలై 6

అక్క వచ్చింది.

ఉతికిన బట్టలు ఆరేస్తుంటే తలుపు చప్పుడైంది. చేతిలో తడి దుప్పటితోనే వెళ్ళి తీశాను. గుమ్మంలో అక్క, గోడ పట్టుకుని రొప్పుతూ.

"ఇన్ని మెట్లున్నాయని చెప్పొచ్చు కదే" అంది.

"ఎవరికి చెప్పను? నువ్వెప్పుడైనా వస్తేగా."

లోపలికి వచ్చి కూర్చుంది. మంచినీళ్ళిచ్చాను. జుట్టు మొత్తం తెల్లబడిపోయింది. పెళ్ళిళ్ళకి రంగు వేసుకుని వచ్చేది కాబోలు, నాకింతవరకు తెలీదు.

"మీ బావని క్షమించావట" అంది.

"ఎవరన్నారు?"

"ఆయనే. మైకులో చెప్పావట."

"ఆ చెప్పింది మేస్త్రీ అక్కా. రష్యావాడు."

"తెలుసులే" అని నీళ్ళు తాగింది. "ఆ పెట్టె మీద మీటలు ఆయనకి కనపడవు, నొక్కేది నేనే. రోజూ భోజనం అవగానే అదే కథ, అందులో అదే ముక్క. అది అవగానే మళ్ళీ వెనక్కి తిప్పమంటారు. నీ గొంతని నాకూ తెలిసింది, తెలిసినా నేనేమీ అనలేదు. మొన్న విసుగొచ్చింది. ఇంత కథుంటే ఆ ముక్క ఒక్కటే ఎందుకండీ అన్నాను. మాట్లాడలేదు. చెప్తేగానీ నొక్కనని కూర్చున్నాను. ఒక రోజంతా ఉగ్గబట్టుకున్నారు. రెండోరోజు చెప్పేశారు."

నాకు నవ్వొచ్చింది. దేవుడు చెప్పించలేకపోయాడు, గురువుగారు చెప్పించలేకపోయారు, నేను షరతు పెట్టి చెప్పించలేకపోయాను. అక్క బొటనవేలు చెప్పించింది. అక్క నవ్వలేదు. ఖాళీ గ్లాసుని ఒళ్ళో పెట్టుకుని తిప్పుతూ కూర్చుంది.

"ఆయన క్లాసుకి వెళ్ళినప్పుడు ఆ కథ మొదట్నుంచీ పెట్టుకుని విన్నానే" అంది.

"ఎలా ఉంది?" అన్నాను.

"అందులో అక్క ఎవరూ లేరు కదా?"

"లేరు."

"అదే. చివర్లోనైనా వస్తుందేమో, మేస్త్రీ ఆవిడకి కూడా ఏమైనా చెప్తాడేమోనని చూశాను."

ఇక నా వల్ల కాలేదు. నెల నుంచీ ఈ డైరీలో బావ మీద, బావ మీద అని రాస్తూనే ఉన్నాను. బావ ఎవరు? పిరికివాడు. భయపడ్డాడు, అబద్ధం ఆడాడు. అలాంటివాళ్ళు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. నాకు అక్షరాలు దిద్దించింది అక్క. తప్పు చదివితే చెవి మెలేసింది అక్క. నేను ఏది ఎలా చదువుతానో లోకంలో తనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. అలాంటి మనిషి నా మొహం చూస్తూ, నువ్వే తొందరపడి చదివి ఉంటావు అంది. నాకు ఉద్యోగం పోయినందుకు కాదు ఏడుపు. ఆ మాటకి ఏడుపు.

ఇదంతా మొహం మీదే అనేశాను. చిన్న గొంతుతో కూడా కాదు. కింద వాటాలోవాళ్ళు టీవీ ఆపేసి మరీ విన్నారనుకుంటాను. అక్క అడ్డు రాలేదు. అప్పుడు ఇలా అనుకున్నాను, అలా అనుకున్నాను అని సంజాయిషీ చెప్పుకోలేదు. నాకు ఊపిరి అందక ఆగితే, "ఇంకా ఉంటే చెప్పు" అంది. చెప్పాను. విచారణలో కూర్చోబెట్టిన కుర్చీ గురించి చెప్పాను. బస్టాండులో మొదటిరోజు మైకు పట్టుకుంటే నోరు పెగలక ఒక బస్సు నేను చెప్పకుండానే వెళ్ళిపోయిన సంగతి చెప్పాను. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, చెవులాయనకి కూడా.

అంతా అయ్యాక అక్క నా చేతిలోంచి తడి దుప్పటి తీసుకుని కుర్చీ మీద వేసింది. ఇంతసేపూ దాన్ని పట్టుకునే ఉన్నానట.

"నువ్వు సరిగ్గానే చదివావే" అంది.

క్షమించమని అడగలేదు. నేనూ క్షమించానని అనలేదు. ఇద్దరం ఏడ్చాం. నేను ఎక్కువ ఏడ్చాను. ఆ తరవాత ఇద్దరికీ ఆకలేసింది, ఉన్నదేదో తిన్నాం. నా వంటలో ఉప్పు ఎక్కువైందని వంక పెట్టింది కూడా.

ఇప్పుడు మధ్యాహ్నం. అక్క నా మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. ఇది రాస్తుంటే బావ ఫోన్ చేశాడు. అక్క చెప్పకుండా ఎటో వెళ్ళిపోయిందని కంగారు. ఇక్కడే ఉందన్నాను. ఏమంది అన్నాడు. నీకెందుకన్నాను. తరవాత గొంతు పెంచి, అంతా చెప్పేశాను చిన్నీ, నువ్వు చెప్పమన్నట్టే చెప్పేశాను, ఇప్పుడైనా నువ్వు నా మీద, అంటూ మొదలుపెట్టాడు. ఆ అరుపుకి మంచం మీద అక్క కదిలింది.

"క్షమించాను బావా, ఫోన్ పెట్టెయ్, అక్క లేస్తుంది" అన్నాను.